చలిజ్వరం గుట్టు విప్పిన రోనాల్డ్ రాస్

ఉగాది పచ్చడిలో వేపపువ్వు పంటికింద పడగానే మొగం ముడుచుకునే పిల్లలను చూసి పెద్దలం నవ్వుకుంటాము. మన తాతల కాలంవారికి వేపపువ్వును మించిన చేదు ఒకటి తెలుసు. అది క్వినైను. చలిజ్వరం పట్టినవాని నాలుక మీద ఆ తెల్లపొడి పడితే రోజంతా అన్నం రుచి తెలిసేది కాదు, చెవులలో హోరు పుట్టేది. అయినా కళ్లు మూసుకొని మింగవలసిందే. ఆ జ్వరం ఎలా వస్తుందో కనిపెట్టిన మనిషి చరిత్రను ఈ సంచికలో మన సంఘ కుటుంబాలకు చెప్పాలని నా కోరిక. నేను వైద్యుణ్ణి కాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. కాని ఈ కథలో ముఖ్యమైన ఘట్టం జరిగింది మన సికిందరాబాదులో. ఆ మనిషి ఉద్యోగం చేసింది మద్రాసు శాఖలో. కనుక చెన్నపట్నంలో కాపురముంటున్న తెలుగువారికి ఈ కథ మీద రెండు విధాల హక్కు ఉన్నది.

రోనాల్డ్ రాస్ 1857 మే 13వ తేదీన హిమాలయాలలోని ఆల్మోరాలో పుట్టినాడు. మీరటులో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు రోజులు. తండ్రి క్యాంబెల్ రాస్ సైన్యంలో పెద్ద ఉద్యోగి. ఎనిమిదేళ్లకే పిల్లవాణ్ణి చదువుకోసం ఇంగ్లండు పంపినారు. ఆ పిల్లవానికి బొమ్మలు వేయడం ఇష్టం, కవిత్వం ఇష్టం, సంగీతం ఇష్టం, తరువాత లెక్కలు కూడా ఇష్టమైనవి. ఇష్టం లేనిది వైద్యం ఒక్కటే! తండ్రి మాత్రం వైద్యుడు కావలసిందేనన్నాడు. 1874లో లండనులోని సెంట్ బార్తలోమ్యూ ఆస్పత్రిలో చదువుకు చేరి, అక్కడ పాఠాలకంటె నవలలు, నాటకాలు రాయడం మీదనే ఎక్కువ కాలం గడిపినాడు. ఒక పరీక్ష తప్పి, కొన్నాళ్లు ఓడ మీద వైద్యుడుగా పనిచేసి, మళ్లీ పరీక్షకు కూర్చొని, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించి మద్రాసు శాఖకు వచ్చినాడు. తండ్రి బలవంతం మీద చదివి, మనసు వేరొకచోట పెట్టుకున్న కొడుకులు మన ఇళ్లలోనూ ఉన్నారు. వారి తల్లిదండ్రులు ఈ సంగతి గమనింతురుగాక.

మొదటి ఏళ్లలో రాస్ చెప్పుకోదగిన పని ఏదీ చేయలేదు. మద్రాసు, బర్మా, అండమాను దీవులు, ఇలా బదిలీల మీద తిరిగినాడు. మనవంటి బదిలీ ఉద్యోగులకు ఆ బ్రతుకు ఎటువంటిదో చెప్పనక్కరలేదు. కాని 1883లో బెంగుళూరులో ఉండగా ఒక చిన్న సంగతి జరిగింది. ఆయన బంగళాలో దోమల బాధ విపరీతంగా ఉండేది. వెదికి చూడగా కిటికీ పక్కన నీళ్లతొట్టి ఒకటి కనిపించింది. తొట్టి నిండా దోమపిల్లలు. తొట్టిని బోర్లించగానే దోమలు తగ్గిపోయినవి. తక్కిన తొట్లను కూడా అలాగే బోర్లించమని పై అధికారికి చెబితే, ఆ అధికారి సృష్టి ధర్మానికి అడ్డు రాకూడదనే ధోరణిలో త్రోసిపుచ్చినాడట. అప్పటికి దోమకు, జ్వరానికి సంబంధమున్నదని రాస్‌కు కూడా తెలియదు. నిద్ర పట్టడం కోసం చేసిన పని అది.

ఆ కాలంలో జ్వరం గాలివల్ల వస్తుందనుకునేవారు. మలేరియా అనే ఇటలీ మాటకు అర్థమే చెడుగాలి. మనవారు నీటి మీద నేరం మోపేవారు. మన్యం నీళ్లు తాగితే జ్వరం రాక తప్పదని విశాఖ, గోదావరి మన్యాల సంగతి తెలిసిన పెద్దలు ఈనాటికీ అంటారు. 1880లో అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ జ్వరరోగి నెత్తుటిలో కదిలే సూక్ష్మజీవులను చూసినాడు. ఆ మాటను చాలామంది నమ్మలేదు. నమ్మనివారిలో రాస్ కూడా ఒకడు. సెలవు మీద ఇంగ్లండు వెళ్లి ప్రజారోగ్య శాస్త్రం చదివి, 1889లో రోజా బ్లాక్సం అనే ఆమెను పెళ్లి చేసుకొని తిరిగి వచ్చిన తరువాత కూడా, ఎంత వెదికినా ఆ జీవి ఆయనకు కనిపించలేదు. 1894లో మళ్లీ లండను వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద వైద్యుడు సూక్ష్మదర్శిని క్రింద ఆ జీవిని చూపించినాడు. చూసిన తరువాత ఇక అనుమానం లేదు. దోమ ఈ జీవిని మోస్తున్నదేమోనన్న ఊహ మాన్సనుది. అయితే దోమ నీళ్లలో పడి చచ్చిన తరువాత ఆ నీళ్లు తాగినవారికి జ్వరం వస్తుందని ఆయన అనుకున్నాడు. మన మన్యం పెద్దల మాటకు ఇది ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి!

1895 ఏప్రిలులో రాస్ సికిందరాబాదు దండులోని పటాలానికి వైద్యుడుగా చేరినాడు. బేగంపేటలో చిన్న ఆస్పత్రి. ఒక సూక్ష్మదర్శిని. ఎండ, ఉక్క, ఈగలు. అబ్దుల్ కాదర్ అనే రోగిని దోమలచేత కుట్టించి ఆ దోమలను కోసి చూడడం మొదలు పెట్టినాడు. మాన్సను ఊహను పరీక్షించడానికి, జ్వరరోగిని కుట్టిన దోమలు చచ్చిన నీటిని లక్ష్మణ్ అనే మనిషిచేత తాగించినాడు. అతనికి కొద్దిగా జ్వరం వచ్చి తగ్గింది. తరువాత మరికొందరిచేత తాగిస్తే ఫలితం తేలలేదు. ఈ రోజుల్లో అటువంటి పరీక్ష ఎవరైనా తలపెడితే ముందు రోగికి అంతా చెప్పి, సంతకం తీసుకొని, సంఘాల అనుమతి పొందవలసి ఉంటుంది. ఆనాడు కొన్ని డబ్బులు చేతిలో పెడితే సరిపోయేది. దొరలు గొప్పవారే కావచ్చు. కాని ఆ శాస్త్రానికి తమ ఒళ్లు అప్పగించిన లక్ష్మణ్, అబ్దుల్ కాదర్, హుసేన్ ఖాన్‌ల పేర్లు కూడా మన పిల్లలకు తెలియాలని నా అభిప్రాయం.

మధ్యలో కలరా పని మీద రాస్‌ను బెంగుళూరు పంపినారు. దాదాపు రెండేళ్లు అటే పోయినవి. 1897 వేసవిలో సెలవు పెట్టి ఉదకమండలం వెళ్లినాడు. అక్కడికి దగ్గరలోని సిగూరు కనుమ జ్వరాలకు పేరుపడిన చోటు. దోమతెర కట్టుకొని, తలుపులు బిగించుకొని పడుకున్నా అక్కడ ఆయనకే మలేరియా తగిలింది. ఆ నీలగిరుల మీదనే సర్కారువారు 1860 తరువాత దక్షిణ అమెరికానుండి సింకోనా మొక్కలు తెప్పించి తోటలు వేసినారు. ఆ చెట్టు బెరడులోనే క్వినైను ఉన్నది. ఫ్రెంచివారు పెల్టియే, కావెంతూలు 1820లో దానిని బెరడునుండి వేరుచేసినారు. కనుక రోగమూ మందూ ఒకే కొండ మీద ఉన్నవన్నమాట. రాస్ ఆ మందుతోనే కోలుకున్నాడు. ఆ కనుమలోనే, రెక్కల మీద మచ్చలున్న దోమ ఒకటి గోడకు తోక ఎత్తి కూర్చొని ఉండడం ఆయన కంటపడింది. అప్పటివరకు ఆయన కోసిన దోమలన్నీ వేరే జాతులవి. రెండేళ్లు తప్పుడు దోమలను కోస్తూ కూర్చున్నాడు, పాపం.

ఆ ఏడు జూనులో సికిందరాబాదు తిరిగి వచ్చినాడు. ఆగస్టు ఉక్కలో పంకా వేసుకోవడానికి లేదు, గాలికి దోమలు ఎగిరిపోతాయి. నొసటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టినవి. కంటి అద్దం బీటవేసింది. చివరకు ఆయన మనుషులు మచ్చల రెక్కల దోమపిల్లలను పట్టి తెచ్చినారు. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే జ్వరరోగిని దోమతెరలో పడుకోబెట్టి ఆ దోమలను వదిలినారు. కుట్టిన దోమకు అణా చొప్పున బేరం. పది దోమలు కుట్టినవి, హుసేన్ ఖానుకు పదణాలు ముట్టినవి. నాలుగు రోజుల తరువాత ఆగస్టు 20న, దోమలు కొన్నే మిగిలి ఉండగా, ఒకదాని కడుపు గోడలో గుండ్రని కణాలు కనిపించినవి. వాటిలో మలేరియా జీవికి గుర్తయిన నల్లని రేణువులున్నవి. మరునాడు మరో దోమను కోస్తే అవే కణాలు ఇంకా పెద్దవై కనిపించినవి. అంటే ఆ జీవి దోమ కడుపులో పెరుగుతున్నది! ఆ సంతోషంలో ఆయన పద్యాలు కూడా రాసుకున్నాడు. వదిలివేసిన కవిత్వం అలా పనికివచ్చింది. డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నలులో ఈ సంగతి ప్రచురితమైనది. ఈనాడు ఆగస్టు 20వ తేదీని లోకమంతా దోమల దినంగా పాటిస్తున్నది.

ఇక ఒక్క మెట్టు మిగిలింది అనుకునేలోపల బదిలీ ఉత్తరువు వచ్చింది. రాజపుటానాలోని ఖేర్వారాకు పొమ్మన్నారు. అక్కడ మలేరియా రోగులే దొరకడం కష్టం. మాన్సన్ లండనులో పలుకుబడి ఉపయోగించి, 1898 ఫిబ్రవరికి ఆయనను కలకత్తా చేర్పించగలిగినాడు. అక్కడ మరొక చిక్కు వచ్చింది. ప్లేగు సూదిమందు మీద జనానికి భయం పుట్టిన రోజులు అవి. రాస్ వేలు గుచ్చి నెత్తురు తీస్తానంటే బీదరోగులు పారిపోయేవారు. మందు ఇచ్చేవాని మీద నమ్మకం లేకపోతే ఎంత గొప్ప వైద్యుడైనా ఏమి చేయగలడు? చివరకు మనుషులను విడిచి పిచ్చుకలను పట్టినాడు. పక్షులకు కూడా ఒక రకం మలేరియా ఉన్నది. మహమ్మద్ బక్స్ అనే సహాయకుడు దోమలను పెంచి పెట్టగా, ఆ జీవి దోమ కడుపునుండి ఒళ్లంతా పాకి ఎక్కడికి పోతున్నదో రాస్ వెంటాడినాడు. 1898 జూలైలో అది దోమ నోటి దగ్గర లాలాజల గ్రంథులలో పోగుపడడం చూసినాడు. దోమ కుట్టినప్పుడు ఉమ్మితో పాటు అది మరొక పక్షి నెత్తుటిలోకి పోతుంది. నీళ్లు తాగడం వల్ల కాదు, గాలివల్ల కాదు, కాటువల్ల! ఆ పనిలో తోడ్పడిన కిశోరీ మోహన్ బందోపాధ్యాయ అనే వంగదేశీయునికి 1903లో బంగారు పతకం లభించింది.

మనుషుల మలేరియాను మోసేది అనాఫిలిస్ అనే జాతి ఆడదోమ అని అదే ఏడు చివరకు ఇటలీలో గ్రాసీ, ఆయన మిత్రులు నిరూపించినారు. ఆ మీదట రాస్‌కు, గ్రాసీకి ఘనత ఎవరిదన్న తగవు పుట్టి ఏళ్ల తరబడి సాగింది. రాస్ నోరు మంచిది కాదు. పగ పట్టితే వదిలే మనిషి కాదు. 1902లో వైద్యంలో నోబెల్ బహుమానం రాస్‌కు వచ్చినా ఆ మంట ఆరలేదు.

ఉద్యోగం విడిచి 1899లో లివర్‌పూలు చేరిన తరువాత రాస్ పట్టుకున్న మంత్రం ఒక్కటే: దోమలు పెరిగే నీటిని తీసివేయండి. సియెర్రా లియోను, సూయజు కాలువ మీది ఇస్మాయిలియా, ఎక్కడికి పోయినా ఇదే మాట. జర్మనీలో రాబర్ట్ కాఖ్ మాత్రం, రోగులందరినీ వెదికి క్వినైను పోస్తే జ్వరం మాసిపోతుందని వాదించినాడు. దోమా, మందా అనే ఈ వాదం చాలాకాలం నడిచింది. రాస్ మందును తక్కువ చేసినాడని కొందరు రాస్తారు, అది సరికాదు. 1907లో ఆయన మారిషస్ దీవికి వెళ్లి మూడు నెలలు తిరిగి, పిల్లల కడుపులు తడిమి బల్ల పెరిగినవారెందరో లెక్కపెట్టించినాడు. కాలువలు పూడ్చమన్నాడు, దానితో పాటు బల్ల ఉన్న బడిపిల్లలకు క్వినైను ఇవ్వమన్నాడు. ఆ దీవి చెరకు తోటలలో కోరంగి రేవున ఓడలెక్కి పోయిన మన తెలుగువారి బిడ్డలూ ఉన్నారు. 1866, 67 సంవత్సరాల మలేరియా అక్కడ వేల ప్రాణాలు తీసింది. పొట్ట చేతపట్టుకొని పోయినచోట ఊరిజబ్బే ముందు ఎదురు వస్తుంది. 1973 నాటికి మారిషస్ మలేరియా లేని దేశమైనది.

మందు విషయంలో రాస్ పదే పదే చెప్పినది మరొకటి ఉన్నది. జ్వరం దిగగానే క్వినైను ఆపకూడదు, చాలాకాలం, అవసరమైతే నెలల తరబడి వాడాలి, లేకపోతే జ్వరం తిరగబెడుతుంది అని. ఎందుకు తిరగబెడుతుందో ఆయనకు తెలియదు. ఆయన పోయిన తరువాత 1948లో షార్ట్, గార్న్‌హాం అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ రహస్యంలో మొదటి ముడి విప్పినారు. దోమ కాటుతో వచ్చిన జీవి ముందు కాలేయంలో దాగి పెరుగుతుంది, ఆ తరువాతనే నెత్తుటిలోకి దిగుతుంది. వైవాక్స్ అనే రకంలో కొన్ని జీవులు కాలేయంలోనే నిద్రపోతూ ఉండి, వారాలకో, నెలలకో లేచి మళ్లీ జ్వరం తెస్తాయి. క్వినైను నెత్తుటిలోని వాటిని చంపగలదు గాని కాలేయంలో నిద్రపోయేవాటిని తాకలేదు. చెన్నపట్నంలో కనిపించే మలేరియాలో ఎక్కువభాగం ఈ వైవాక్సే. ఇక్కడ దీనిని మోసే దోమ మురుగులో పుట్టదు. మిద్దె మీద మూతలేని తొట్లలో, బావులలో, మంచినీళ్లలో పుడుతుంది. కార్పొరేషనువారు మిద్దె ఎక్కి తొట్టి చూస్తామంటే తలుపు తీయని ఇళ్లున్నవి. బెంగుళూరు అధికారి వంశం ఇంకా అంతరించలేదు!

ఇప్పుడు మందుల సంగతి కొంచెం వివరంగా చెబుతాను. మన సంఘంలో మేస్త్రీలు, తాపీపనివారు, ఇంటిపనికి వచ్చేవారు చాలామంది ఉన్నారు. ఊరు పోయి రావడం, కట్టుబడి స్థలంలోనే పడుకోవడం వారికి తప్పదు. మా వీధిలో ఒక తాపీమేస్త్రి చలిజ్వరం వస్తే పరీక్ష చేయించుకొని మాత్రలు తెచ్చుకున్నాడు. మూడు రోజులకు జ్వరం దిగింది. నాలుగోనాడు పని మీదకు పోతూ మిగిలిన మాత్రలను అటక మీద పెట్టినాడు. మూడోనెలలో మళ్లీ వణుకు. ఈసారి పది రోజుల కూలి పోయింది. అతని తప్పు కాదు, రెండు రకాల మాత్రలు ఎందుకిచ్చినారో అతనికి ఎవరూ విప్పి చెప్పలేదు.

వైవాక్స్ మలేరియాకు మన దేశంలో ఇచ్చేవి రెండు మందులు. ఒకటి క్లోరోక్విన్, మూడు రోజులు. ఇది నెత్తుటిలోని జీవులను చంపి జ్వరం దించుతుంది. రెండవది ప్రైమాక్విన్, పద్నాలుగు రోజులు. కాలేయంలో నిద్రపోయేవాటిని చంపేది ఇదే. జ్వరం లేదని నాలుగోనాడు ఆపితే వేరు ఉంచి కొమ్మ నరికినట్లే. ఎన్ని మాత్రలన్నది బరువునుబట్టి, వయసునుబట్టి వైద్యుడు నిర్ణయిస్తాడు. అన్నకు రాసిన చీటీ తమ్మునికి పనికిరాదు. ఈ మాత్రలు ఖాళీ కడుపుతో మింగితే కడుపులో తిప్పుతుంది. ఏదైనా తిని మింగాలి. మింగిన కొద్దిసేపటికే వాంతి అయితే ఆ మాత్ర లెక్కలోకి రాకపోవచ్చు, సంగతి వైద్యునితో చెప్పి ఆయన మళ్లీ వేసుకోమంటే వేసుకోవాలి.

ప్రైమాక్విన్ విషయంలో ఒక జాగ్రత్త ఉన్నది. ఇది అందరికీ పడదు. కొందరి ఎర్ర రక్తకణాలలో జీ6పీడీ అనే పదార్థం పుట్టుకతోనే తక్కువ. మామూలు రోజుల్లో వారికి ఏ బాధా తెలియదు. ఈ మాత్ర పడితే మాత్రం కణాలు చితికిపోయి, మూత్రం నల్లటీ రంగులో పోతుంది, కళ్లు పచ్చబడతాయి, మనిషి పాలిపోయి ఆయాసపడతాడు. 1956లో అమెరికాలో కనుగొన్న సంగతి ఇది. లోపం తల్లివైపునుండి మగపిల్లలకు ఎక్కువగా సంక్రమిస్తుంది. దీనికి నెత్తుటి పరీక్ష ఉన్నది. మన ఇంట్లో ఇదివరకు ఎవరికైనా మందు మింగి మూత్రం నల్లబడి ఉంటే ఆ మాట ముందే వైద్యునితో చెప్పాలి. మాత్రలు వాడుతుండగా మూత్రం రంగు మారితే వెంటనే ఆపి ఆస్పత్రికి పోవాలి. గర్భిణీ స్త్రీలకు, చంటిబిడ్డలకు ప్రైమాక్విన్ ఇవ్వరు. గర్భమని అనుమానమున్నా దాచకూడదు, సిగ్గుపడకూడదు. బిడ్డకు పాలిచ్చే తల్లి కూడా ఆ మాట చెప్పి తీరాలి.

ఫాల్సిపారం అనేది రెండవ రకం. ఇది ప్రాణాంతకం, మెదడుకు ఎక్కుతుంది. మన విశాఖ మన్యం, ఒడిషా, ఛత్తీసుగడు అడవుల వైపు పోయి వచ్చినవారికి ఇది తగిలే అవకాశం ఎక్కువ. దీనికి క్లోరోక్విన్ ఇప్పుడు చాలదు. 1973లోనే అస్సాంలో ఆ మందుకు లొంగని ఫాల్సిపారం కనిపించింది. ఇప్పుడు వాడేవి ఆర్టెమిసినిన్ జాతి మందులు, అవి కూడా ఎప్పుడూ మరొక మందుతో జతకలిపి. చీనాదేశపు మొక్కనుండి ఈ మందు తీసిన శాస్త్రజ్ఞురాలు తు యూయూకు 2015లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ జతలో ఒకటి మాత్రమే కొనుక్కొని మింగితే, చావకుండా మిగిలిన జీవులు మందుకు ఆరితేరుతాయి. అందుకే ఒంటరి మాత్రలను మన దేశంలో నిషేధించినారు. పై ఊళ్లకు పోయి వచ్చి నెలలోపల జ్వరం వస్తే వైద్యుడు అడగకముందే ఫలానా ఊరు పోయి వచ్చానని చెప్పండి. చెన్నైలో కూర్చున్న వైద్యునికి మీరు అరకు పోయి వచ్చిన సంగతి ఎలా తెలుస్తుంది? స్పృహ తప్పడం, మూర్ఛ, ఆగని వాంతులు, ఆయాసం ఉంటే మాత్రల కోసం చూడక నేరుగా పెద్ద ఆస్పత్రికి తీసుకుపోవాలి. రాత్రి అయినా సరే.

అన్నిటికంటె ముందు పరీక్ష. చలిపెట్టిన ప్రతి జ్వరమూ మలేరియా కాదు, డెంగీ కావచ్చు, టైఫాయిడు కావచ్చు. వేలిమీద చుక్క నెత్తురు తీసి చూస్తే ఉన్నదీ లేనిదీ, ఏ రకమైనదీ తేలుతుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో పరీక్షకు, మందుకు డబ్బు తీసుకోరు. రాస్ పటాలం ఆస్పత్రిలో కళ్లు చెడగొట్టుకొని చూసిన దానిని ఈనాడు చిన్న పట్టీ మీద పావుగంటలో చూడవచ్చు. అయినా మందుల కొట్టుకు పోయి జ్వరం మాత్ర ఇమ్మని అడగడం మానలేదు మనం. 2020లో కరోనా భయంతో జనం క్లోరోక్విన్ వరుసలోని మరో మాత్రకోసం ఎగబడినప్పుడు, వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని కేంద్రప్రభుత్వం గట్టి ఉత్తరువు వేయవలసి వచ్చింది. పిల్లలున్న ఇళ్లవారికి మరొక్క మాట. క్లోరోక్విన్ మాత్రలు పసిబిడ్డ చేతికి చిక్కితే, రెండు మూడు మింగినా గుండె ఆగవచ్చు. బియ్యం డబ్బా పక్కన, కిటికీలో పెట్టవద్దు. మిగిలిన మాత్రలు ఇంకొకరికి దానం చేయవద్దు.

రాస్ కథ మిగిలి ఉన్నది. 1911లో సర్ బిరుదు వచ్చింది. 1914 ఆగస్టులో పెద్దకొడుకు ఫ్రాన్సు యుద్ధరంగంలో పోయినాడు. 1917లో, అరవైయవ ఏట, యుద్ధశాఖకు మలేరియా సలహాదారుగా గ్రీసు వైపు పోతుండగా ఆయన ఎక్కిన ఓడను శత్రువులు పేల్చినారు. బ్రతికి బయటపడ్డాడు. మలేరియా వ్యాప్తిని లెక్కలతో వివరించిన ఆయన పద్ధతిని అంటురోగాల శాస్త్రజ్ఞులు ఈనాటికీ వాడుతున్నారు. దోమలన్నిటినీ చంపనక్కరలేదు, ఒక మోతాదుకు తగ్గిస్తే రోగం తనంత తానే ఆరిపోతుందని ఆ లెక్కల సారం. 1926లో లండను శివార్లలో ఆయన పేర ఒక సంస్థ, ఆస్పత్రి వెలిసినవి. కాని డబ్బు విషయంలో ఆయన మనసు కుదుటపడలేదు. మసూచికి టీకా కనిపెట్టిన జెన్నరుకు ఇచ్చినట్టు తనకు కూడా పార్లమెంటు పారితోషికం ఇవ్వాలని అర్జీ పెట్టుకున్నాడు, ఇవ్వలేదు. 1928లో తన కాగితాలన్నీ అమ్మకానికి పెడితే ఒక ధనికురాలు రెండువేల పౌనులకు కొన్నది. ఆ కాగితాలలోనే సికిందరాబాదు నోటుపుస్తకాలున్నవి. 1931లో భార్య పోయింది. 1932 సెప్టెంబరు 16న తన పేరుగల ఆస్పత్రిలోనే ఆయన కన్నుమూసినాడు.

ఆయన పోయిన పదిహేనేళ్లకు, మనకు స్వాతంత్ర్యం వచ్చిననాడు, ఏడాదికి ఏడున్నర కోట్ల మందికి మలేరియా వస్తున్నదని, ఎనిమిది లక్షల మంది పోతున్నారని అంచనా. 1953లో మొదలైన డీడీటీ పిచికారీతో 1960ల నడుమకు అది లక్ష చిల్లరకు దిగింది. ఇక పీడ వదిలిందని పట్టు సడలించేసరికి 1976లో మళ్లీ 64 లక్షలు దాటింది. ఇప్పుడు బాగా తగ్గిన మాట నిజమే, పోలేదన్న మాట కూడా నిజమే.

ఈ వేసవి సెలవులకు హైదరాబాదు పోయేవారు బేగంపేట స్టేషనులో దిగి, పాత విమానాశ్రయం దగ్గరలో ఉన్న ఆ పాత ఆస్పత్రి భవనం చూడవచ్చు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలో అది రాస్ పేరుతోనే ఉన్నది. పిల్లలను తీసుకుపోతే హుసేన్ ఖాన్ పదణాల సంగతి అక్కడ చెప్పండి, వారికి బాగా గుర్తుంటుంది.